డాని గీసిన మేక, మేరీ ఆంటీ చూపు

డాని ఇక లేడని నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. బంగారుపేట ప్లాట్‌ఫాం మీద బెంగళూరు ట్రైన్ కోసం నిలబడి ఉన్నాను.

ఇది నిజమేనా అని అడగడానికి నేను ముందు ఫోన్ చేసింది డానికే.

వాళ్ళ చెల్లెలు గ్రేస్ ఎత్తింది. "అవునన్నా. నిద్రలోనే. గుండె అంటా ఉండారు," అంది.

ట్రైన్ వచ్చింది, వెళ్ళింది. నేను అక్కడే ఉన్నాను.

కేజీఎఫ్ వాళ్ళకి డానిని పరిచయం చెయ్యక్కర్లేదు. మీ ఇంటి పెళ్ళికో, పాప పుట్టినరోజుకో వీధి మొదట్లో కట్టిన ఫ్లెక్స్ వాడి డిజైనే అయ్యుంటుంది. మిగతావాళ్ళ కోసం చెప్తున్నా. వాడు ఫ్లెక్స్ షాపులో డిజైనర్. నాది పక్కనే ఉన్న క్యాసంబళ్ళి, బెంగళూరులో కోడింగ్ ఉద్యోగం. ఇద్దరం కలిసి ఒక వీడియో గేమ్ చేశాం. కోడ్ నాది, బొమ్మలు వాడివి.

గేమ్‌లో హీరో ఒక మేక. బంగారు గనుల మట్టి పోసిన సైనైడ్ దిబ్బలెక్కాలి, ఇళ్ళలో దూరాలి, దొరికింది నోట కరుచుకుని పారిపోవాలి. అంతే కథ.

డానికి ఒకటే ఆశ. వాడు చేసేది కూడా ఒక పనే అని వాళ్ళమ్మ మేరీ ఆంటీ ఒప్పుకోవాలి. వాళ్ళ నాన్న గనిలో దిగిన మనిషి. చెమట పట్టని పని ఆంటీ దృష్టిలో పనే కాదు. "పొద్దస్తమానం కూచోని బొమ్మలేస్తాడు నాయనా, ఏం చేసేది," అని నాతో అనేది. వాడి ముందరే.

గేమ్ పూర్తయింది. స్టోర్‌లో పెట్టాలి. అక్కడ జనం ముందుగా చూసేది థంబ్‌నెయిల్. అగ్గిపెట్టె కన్నా చిన్న బొమ్మ, చుట్టూ లెక్కలేనన్ని వేరే గేములు. వేలితో తోసుకుంటూ పోయేవాడిని ఆ బొమ్మే ఆపాలి. ఇదంతా డానికి ఓపిగ్గా చెప్పాను. చాలా శ్రద్ధగా విన్నాడు.

విని, ఫ్లెక్స్ చేసుకొచ్చాడు.

మధ్యలో మేక. వెనకాల గని టవరు. పైన మెరుపులు. కింద వరసగా, గుండ్రాల్లో, తలకాయలు. నాది, వాడిది, పాత కంప్యూటర్ ఇచ్చిన వాళ్ళ మామది, సౌండ్ చేసిన జాన్సన్‌ది, ఆఖర్న పాస్టర్ గారిది.

"పాస్టర్ ఎందుకురా?"

"ప్రార్థన చేసినాడు గదప్పా. ఆయన్ని ఇడిస్తే ఆదివారం చర్చిలో మొగం ఎట్ల చూపించేది?"

నవ్వకండి. మన వైపు ఫ్లెక్స్‌లో ఫోటో పడలేదని పెళ్ళికి రానివాళ్ళు ఉన్నారు. మా సొంత చిన్నాన్నే ఉన్నాడు. ఎవరినీ వదలకుండా అందరినీ ఇరికించడమే డాని ఉద్యోగం. అందుకే వాడంటే ఊరందరికీ ఇష్టం. అందుకే ఆ థంబ్‌నెయిల్ ఫోన్‌లో చూస్తే ఆవాలు ఒలికినట్టు ఉంది.

తలకాయలన్నీ తీసెయ్యమన్నాను. ఒక్కొక్కటీ తీస్తూ బాధపడ్డాడు, ఒక్క నాది తప్ప. అది అందరికన్నా ముందే పోయింది.

తర్వాత వాడే ఒక టెస్ట్ కనిపెట్టాడు. ఆంటీ కళ్ళజోడు తీసేసి మంచం మీద కూర్చోవాలి. వాడు వంటింటి గడప దగ్గర నిలబడి ఫోన్ చూపిస్తాడు. అంత దూరం నుంచి అదేంటో ఆంటీ చెప్పగలిగితే బొమ్మ పాస్.

"దోసె," అంది ఆంటీ.

టవరు తీసేశాడు. "దిండు."

మెరుపులు తీసేశాడు. "ఎవురిదో ఎక్స్‌రే. ఎవురికి బాగలేదు?"

మేక మొత్తం ఎందుకు, మొహం చాలన్నాను. నల్ల మొహం పెద్దది చేసి, వెనకంతా పసుపు రంగు పోశాడు. "మాడిపోయిన ఆమ్లెట్టు," అంది.

"అమ్మా, అది మేకమ్మా."

"మేకైతే మేక మాదిరి వెయ్. నేను చూడని మేకలా?"

చివరికి వాడు ఆ మేక నోట్లో ఒక చెప్పు పెట్టాడు. కళ్ళు పక్కకి తిప్పాడు. దొరికిపోయింది, అయినా చెప్పు వదలదు. అలాంటి చూపు.

ఆ బొమ్మ నేను ట్రైన్‌లో ఉండగా పంపాడు. పక్క సీట్లో పూలమ్మే ఆవిడ నా ఫోన్‌లోకి తొంగి చూసి, "ఎవురి చెప్పు ఎత్తుకొచ్చినాదో దొంగముండ," అని పకపకా నవ్వింది. నాకు అది చాలు. దాన్నే పెట్టేశాం.

జనం ఆగారు. నొక్కారు. ఆడారు. మాకు పేరు కూడా పలకడం రాని ఊళ్ళవాళ్ళు ఆ మేకని ప్రొఫైల్ ఫోటోగా పెట్టుకున్నారు.

ఆ చివరి బొమ్మని ఆంటీ మాత్రం చూడలేదు. వాడు చూపించబోతే, "పోరా, పొయ్యి మీద సంగటి ఉండాది," అందట. ఈ సంగతి అందరికీ నవ్వుతూ చెప్పేవాడు. నాతో ఒక్కడితో నవ్వకుండా అన్నాడు. "లోకమంతా చూసినారప్పా. మాయమ్మ ఒకతె చూసుంటే బాగుండు."

నిన్న సాయంత్రం డానిని మట్టిలో పెట్టి ఇంటికొచ్చాం. మీవాడు ఏం పని చేసేవాడని బయటి ఊరి నుంచి వచ్చిన చర్చి పెద్దాయన ఒకరు నన్ను అడిగారు. ఫోన్ తీసి ఆ మేక బొమ్మ చూపించాను.

ఆంటీ మంచం మీద కూర్చుని, కళ్ళజోడు తీసి కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. అక్కడి నుంచే చూసింది.

"అది మా డానిగాడు గదా," అంది.

నేను ఫోన్ ఆంటీ వైపు తిప్పాను.

"మురుకులు ఎత్తుకొని దొరికిపోతే ఇట్లే చూస్తాడు. చిన్నప్పట్నించీ ఇంతే. వాని మొగమే ఏసినాడు సూడు." చెయ్యి చాపింది. "ఇట్ల తీస్కరా నాయనా."

ఫోన్ తీసుకుని, కొంగుతో అద్దం తుడిచి, చాలాసేపు చూసింది. తర్వాత పెద్దాయన వైపు తిప్పి పట్టుకుంది.

"ఇదేనయ్యా నా బిడ్డ చేసే పని," అంది.

మీ అమ్మ చూసిందిరా డానీ.

ఇంక నిశ్చింతగా నిద్రపో. ఆ ప్రభువు ఒళ్ళో నీకు శాంతి దొరకాలి.