రంగు వేయని ఇనుము

అండమాన్‌లో పగడపు దిబ్బల మీద పని నేర్చుకోవడం మొదలుపెట్టిన ఏడాది, నాకు ఈత కంటే కష్టమైంది చేతుల్ని ఊరికే ఉంచడం. నీళ్లలోకి దిగగానే దేన్నో ఒకదాన్ని పట్టుకోవాలనిపిస్తుంది. పట్టుకుంటే పగడం దెబ్బతింటుంది. మాకు నేర్పే మేడమ్ నీళ్లలోనే వేలు చూపించి బెదిరించేది. ఊపిరి పీల్చి కాస్త లేవడం, వదిలి కాస్త దిగడం, అలా తేలుతూనే విరిగిన పగడపు ముక్కల్ని ఇనప చట్రాలకి కట్టడం నెమ్మదిగా పట్టుబడింది. ముక్క కదలకుండా కడితే కొన్ని నెలలకి చట్రాన్ని పట్టుకుని పెరుగుతుంది.

ఆవిడ ఒకసారి ఓ పాత చట్రం చూపించింది. తుప్పు పట్టకూడదని ఎవరో రంగు వేసి దించారట. దానికి కట్టిన ముక్క ఒక్కటీ బతకలేదు.

వానాకాలంలో డైవింగ్ ఆపేస్తే భిలాయ్‌లో మా ఇంటికి వచ్చాను. కొత్త సీజన్‌కి చట్రాలు కావాలనగానే నాన్న తనే చేయిస్తానన్నాడు. స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన మనిషికి ఇనుము పని అప్పగిస్తే ఇంకేం కావాలి! వెల్డింగ్ షాపులో దగ్గరుండి మరీ చేయించాడు.

దుర్గ్ స్టేషన్‌లో పార్సిల్ వేయడానికి ముందురోజు పొద్దున్న వరండాలోకి వస్తే చట్రాలన్నీ ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. తుప్పు పట్టకుండా వేసే రెడ్ ఆక్సైడ్. రేపు పంపకపోతే విశాఖలో అండమాన్ ఓడ అందదు, సీజన్ మొదట్లో కట్టాల్సిన పగడాలకి చోటుండదు. నాన్నేమో బ్రష్ కడుగుతూ మురిసిపోతున్నాడు.

"ఏటే, సూసినావా? ఉప్పునీళ్లు దీన్నేటీ సెయ్యలేవు."

ఆ మురిపెం చూశాక కూడా చెప్పక తప్పలేదు.

"నాన్నా, రంగుంటే పగడాలు చచ్చిపోతాయి."

"మరి జంగు పట్టేస్తే?"

"తుప్పు పట్టనీ. ఇనుము పోయేలోపు పగడం దాన్ని కప్పేసి గట్టిపడుతుంది. తర్వాత దాంతో పనుండదు."

"ప్లాంటోడి ఇంట్లోంచి వట్టి ఇనుం సముద్రంలోకి పంపిస్తామేటి? నలుగురూ నవ్వుతారు!" అని విసురుగా స్కూటర్ తీసుకుని వెళ్లిపోయాడు. నేను గరుకు కాగితం పట్టుకుని కూర్చున్నాను. ఒక కడ్డీ తోమేసరికి చేతులు పడిపోయాయి. అన్నీ అయ్యే పని కాదని తెలుస్తూనే ఉంది. ఆయన్ని నొప్పించానన్న దిగులు ఇంకోవైపు.

కాసేపటికి స్కూటర్ ఆగింది. నాన్న చేతిలో వెల్డింగ్ భయ్యా దగ్గర అడిగి తెచ్చిన గ్రైండర్, తీగల బ్రష్‌తో సహా.

"లే, కళ్లద్దాలెట్టుకో."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. సాయంత్రం దాకా ఇద్దరం గీకుతూనే ఉన్నాం. "సముద్రంలో వాటిని బతికించడానికి మమ్మల్ని సంపేస్తన్నారు" అని అమ్మ దుమ్ముకి తలుపులన్నీ మూసేసింది. నాన్న ప్రతి అతుకూ వేలితో తడిమి, ఎరుపు కనిపిస్తే మళ్లీ గ్రైండర్ పెట్టాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మర్నాడు దుర్గ్‌లో పార్సిల్ గుమాస్తా చట్రాలు చూసి పెదవి విరిచాడు. "భిలాయ్ వాళ్లయ్యుండి పెయింట్ కూడా వేయకుండా పంపుతున్నారేంటి అంకుల్?" అని హిందీలో అడిగాడు.

నేను నోరు తెరిచేలోపు నాన్న హిందీలోనే అందుకున్నాడు.

"దీనికి పెయింట్ వేయకూడదు బాబూ. దీన్ని పట్టుకుని ప్రాణాలు పెరగాలి."