ఎడమచేతి థ్రిల్

కరోనా నెమ్మదించిన ఏడాది నన్ను తిరుపతి నుంచి చిత్తూరులోని ఒక ఆసుపత్రి డయాలసిస్ యూనిట్‌కు హెడ్ నర్సుగా బదిలీ చేశారు. అప్పటికి పదవీ విరమణకు ఇంకా మూడేళ్లుంది. ఎనిమిది మంచాలు, ఎనిమిది మిషన్లు. ఒక్కో రోగి వారానికి మూడుసార్లు వచ్చి నాలుగేసి గంటలు పడుకోవాలి. పాడైన కిడ్నీలు చేయలేని పనిని, అంటే రక్తాన్ని శుభ్రం చేయడాన్ని, మిషను చేస్తుంది. మా పని బరువు చూసి రాసుకోవడంతో మొదలయ్యేది. పోయినసారికీ ఈసారికీ మధ్య పెరిగిన బరువు చాలావరకు ఒంట్లో చేరిన నీరే. దాహానికి ఎవరు లొంగిపోయారో త్రాసు చెప్పేస్తుంది. అట్లాంటివాళ్లను నేను తిట్టేదాన్ని. నా తిట్లకు ఆ యూనిట్‌లో మంచి పేరే ఉండేది.

మూడో గంట అందరికీ గడ్డుది. కాళ్లు పట్టేస్తాయి, విసుగొస్తుంది. ఉదయం షిఫ్టులో ఆ గంట, రోగుల్లో ఒకరైన షమీంది. వాళ్లది జాకెట్లు కుట్టే కుటుంబం. ఎడమచేతికి సూదులు గుచ్చి ఉంటే కుడిచేత్తో రూళ్ల నోటుబుక్కులో ప్రేమ నవల రాసేది. అదే తర్వాత ఫోనులో ఏదో కథల యాప్‌లో పెట్టేది. రాసినంతా మూడో గంటలో అందరికీ చదివి వినిపించేది. నాయకుడికి హార్సిలీ కొండ మీద బంగళా. నాయిక పేరు మధుర. ఒకరోజు మధుర కుండలోని చల్లటి నీళ్లు చెంబెడు గటగటా తాగిందని చదివితే, గ్లాసుతో కొలుచుకుని తాగేవాళ్లంతా ఒక్కసారిగా "అబ్బా!" అన్నారు. మూడో మంచం మీదున్న రిటైరైన బస్సు కండక్టరు "ఇంకో చెంబు తాగించమ్మా" అని బతిమాలాడు.

నాకు ఒళ్లు మండింది. బతుకులు ఇట్లా ఉంటే ఈ బంగళాలు ఎవరికని షమీంను అడిగేశాను.

"బంగళా గూడా లేకుంటే మేము యాడికి పోవల్ల మేడం?" అంది నింపాదిగా. నేను పక్క మంచం దగ్గర రక్తపోటు చూసే పని పెట్టుకున్నాను.

ఆ షిఫ్టులోనే ఐరాల దగ్గరి పల్లె నుంచి రేవతి వచ్చేది. ఇరవై ఆరేళ్లు. భర్త మునిరత్నం ఆవులు పెట్టుకుని పాలు పోసే మనిషి. ఆమెను మంచం దాకా తెచ్చి దిగబెట్టి, తలుపు దగ్గరే నిలబడేవాడు. రేవతికి మెడలో పెట్టిన గొట్టం ద్వారా డయాలసిస్ చేస్తున్నాం. ఆ గొట్టం తాత్కాలికం. ఎక్కువ రోజులు ఉంచితే క్రిములు నేరుగా రక్తంలోకి పోతాయి. అసలు దారి ఫిస్టులా. ముంజేతిలో ధమనినీ సిరనూ కలిపి కుడతారు. ఆరు వారాల్లో సిర లావెక్కి సూదులకు తట్టుకుంటుంది. కానీ ఆ చేత్తో బరువులు ఎత్తకూడదు, గాజులు వేసుకోకూడదు.

రేవతి ఒప్పుకోలేదు. కారణం అడిగాను. "మొగుడుండంగానే చెయ్యి బోడి చేసుకునేదా మేడం? రేపు సీమంతానికి ఎవురైనా పిలుస్తారా నన్ను?" అంది. ప్రాణం ముఖ్యమా గాజులు ముఖ్యమా అని గట్టిగానే కోప్పడ్డాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

అప్పుడు నాకొక తెలివైన ఆలోచన వచ్చిందనుకున్నాను. మధురకు కిడ్నీ జబ్బు పెట్టమని, ఫిస్టులా గురించి నాలుగు మంచి మాటలు రాయమని షమీంకు చెప్పాను. వైద్యం సంగతులు నేనే దగ్గరుండి దిద్దాను. తర్వాతి వారం బంగళా నాయకుడు ఉన్నట్టుండి డాక్టరై, రెండు పేజీల పొడుగునా మధురకు జాగ్రత్తలు చెప్పాడు. కండక్టరు టీవీ వైపు తిరిగాడు. రేవతి మాత్రం, "మిషను సప్పుడు ఈడ ఇనపడతానే ఉండాది గదక్కా. కతలో గూడా అదేనా?" అంది.

ఆ వారంలోనే ఆమెకు మిషను మీద ఉండగా చలిజ్వరం వచ్చింది. మంచం ఊగేంత వణుకు. గొట్టంలో ఇన్ఫెక్షన్. పాతది తీసి మందులు పెట్టి, జ్వరం తగ్గాక మెడకు రెండోవైపు కొత్తది వేశారు. ఇట్లా మార్చుకుంటూ పోవడానికి ఒంట్లో చోట్లు ఎన్నో లేవని డాక్టరు మునిరత్నానికి నా ముందే చెప్పాడు. ఆ రోజు నాకు నిజంగా భయమేసింది.

రేవతి తిరిగి వచ్చిన రోజు షమీం నన్ను అడక్కుండా కొత్త భాగం చదివింది. కొండ మీద వాన. మధుర ఎడమచేతిని శాలువాలో దాచుకుంటుంది. నాయకుడు ఆ చెయ్యి పట్టుకుంటాడు. చర్మం కింద ఏదో సన్నగా అదురుతుంది.

"నన్ను సూస్తే ఇంత అదురా?" అంటాడు.

"నిన్ను సూసి కాదులే. పాలాయన్ని సూసినా అట్లే అదురుతాది," అంటుంది మధుర.

ఎనిమిది మంచాలూ నవ్వాయి. నాయకుడు నొచ్చుకోకుండా, ఆ అదురు ఉందో లేదో రోజూ పొద్దున్నే చెయ్యి పట్టుకుని తానే చూస్తానంటాడు. రెండు చేతుల గాజులూ తెచ్చి కుడిచేతికే వేస్తాడు. మోచేతి దాకా వస్తాయి.

ఆ అదురును మేము థ్రిల్ అంటాం. అది మా పుస్తకాల్లోని మాటే. కలిపి కుట్టిన చోట రక్తం జోరుగా పారుతోందనడానికి గుర్తు. అది తగ్గితే ఫిస్టులా మూసుకుపోతోందని అర్థం. ఈ సంగతి చెప్పడానికి నా దగ్గర ఒక చార్టు ఉండేది. దాన్ని చూసి ఎవరూ నవ్వింది లేదు.

"నిజంగానే అట్లా అదురుతాదా మేడం?" అని రేవతి నన్ను అడిగింది. సూదులు తీసి, రక్తం ఆగిన తర్వాత షమీం తన చెయ్యి చాపింది. రేవతి మూడు వేళ్లు ఆనించి చాలాసేపు తీయలేదు. తర్వాత తలుపు దగ్గరున్న భర్తను పిలిచి, "నువ్వూ సూడు," అంది. అతను సిగ్గుపడుతూ లోపలికి వచ్చాడు. ఆపరేషనుకు ఎప్పుడు పోవాలని అడిగింది అతనే. రేవతి వద్దనలేదు.

తిరుపతిలో ఆపరేషను జరిగింది. థ్రిల్ చూడటం మునిరత్నానికి నేనే నేర్పాను. నెల గడిచాక ఒక ఉదయం నాకు ఫోన్ చేశాడు.

"మేడం, అదురు నిన్నటి మాదిరి లేదు. సన్నంగా ఉండాది."

వెంటనే తిరుపతికి తీసుకుపొమ్మన్నాను. ఫిస్టులాలో రక్తపు గడ్డ అప్పుడే కడుతోంది. మధ్యాహ్నానికల్లా తీసేశారు, ఫిస్టులా నిలిచింది. ఇంత తొందరగా ఎట్లా కనిపెట్టావని అక్కడి డాక్టరు అడిగితే, "పొద్దున్నే సూడాలని కతలో ఉండాది గదా సార్," అన్నాడట. ఏ కథో ఆ డాక్టరుకు అర్థం కాలేదు.

ఆ జాగ్రత్తల భాగం విని రోగులు విసుక్కున్నది కష్టాన్ని కథలోకి తెచ్చినందుకని మొదట అనుకున్నాను. అది కాదు. ప్రేమను పక్కకు నెట్టి నా చార్టును అక్కడ నిలబెట్టినందుకు విసుక్కున్నారు. షమీం రెంటినీ ఒకే చేతిలో పెట్టింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను థ్రిల్ చూడటాన్ని రోగి ఒక్కరికే నేర్పలేదు. తలుపు దగ్గర నిలబడినవాళ్లను లోపలికి పిలిచి, వాళ్ల వేళ్లు ఆ చేతిమీద పెట్టించి నేర్పాను.