మావయ్యగారి మీటరు కడ్డీ

పద్దెనిమిది టేకు స్తంభాలు, ఇరవై రెండు తలుపులు, రెండు మండువాలు, మేడమీదికి పంతొమ్మిది చెక్క మెట్లు. బరంపురం గేట్ బజార్‌లో మా మేనత్తగారి ఇల్లు పడగొట్టినప్పుడు పోయినవి ఇవి. పాత ఇనుము కింద మావయ్యగారి బట్టల కొట్టు మీటరు కడ్డీ కూడా పోయింది గాని, దాన్ని నేనప్పుడు లెక్కలో వేసుకోలేదు. మొన్న ఊళ్లో పాత ఇళ్ల కట్టుబడి మీద చదువుకుంటున్న ఒక అమ్మాయి వచ్చి ఆ ఇంటి కొలతలు అడిగితే, ముప్పై ఏళ్లనాటి నోటుపుస్తకం బయటికి తీశాను.

వీధివైపు కొట్టు, దాని వెనక ఒకదాని తరవాత ఒకటిగా గదులు, వెలుతురు రావాలంటే మండువాలోంచే రావాలి. అలాంటి ఇళ్లు మన ఈడువాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మావయ్యగారి బట్టల కొట్లో పనికి కుదిరిన కొత్తలో, బేరాలు లేని మధ్యాహ్నాలు, గుడ్డ కొలిచే ఇనప కడ్డీ పట్టుకుని, ఎవరూ నేర్పకుండానే ఆ ఇల్లంతా కొలిచి గోడల మందంతో సహా రాసుకున్నాను. దేవుడిగది తలుపు ఒక్కటే మిగిలింది. పదిమంది చేతులు పడ్డ కడ్డీ అక్కడ తగలకూడదని అత్తయ్య అడ్డుపడింది.

ఇప్పుడు ఆ తలుపు ఊరి శివార్లలో అంకులిలో, అత్తయ్య ఉంటున్న ఇంట్లో ఉంది. ఆ ఇంట్లోంచి మిగిలిన వస్తువు అదొక్కటే. లోటు పూడ్చి పుస్తకం ఇద్దామని టేపు పట్టుకుని వెళ్లి, సంగతి చెప్పాను. అత్తయ్య నవ్వింది.

"కొట్లో కడ్డీతోనేట్రా కొలిసినావు? కొనడానికొకటి, అమ్మడానికొకటి ఉండీవి కదా. నువ్వట్టుకెల్లింది అమ్మకందిరా. నా రవిక గుడ్డ ఏనాడూ దాంతో కొలవనివ్వనేదు నాను."

ఎంత తక్కువని అడిగాను.

"అది మీ మావయ్యకే తెలుసు. ఆయన ఎల్లిపోనారు."

అదే కడ్డీతో ఆరేళ్లు నేను గుడ్డ కోశాను. ఒక్కసారీ సరిచూడలేదు.

తలుపు ఎత్తు నూట డెబ్బై రెండు సెంటీమీటర్లు. పుస్తకంలో ఆ తలుపు పక్కన పాత అంకె ఉండి ఉంటే ఒక్క భాగహారంతో ఇల్లంతా సరయ్యేది. స్థలం కొలుద్దామన్నా, పక్కదాన్ని కలిపి దుకాణాల భవనం కట్టేశారు. ఆ అమ్మాయి దగ్గర మీట నొక్కితే దూరం చెప్పే పరికరం ఉంది. గురిపెట్టడానికి గోడ లేదు.

పుస్తకం ఇచ్చాను. మొదటి పేజీలో మాత్రం ఇలా రాశాను: ఇందులోని ప్రతి మీటరూ అసలు మీటరుకంటే ...... సెంటీమీటర్లు తక్కువ. అంకె కోసం వదిలిన జాగా ఇంకా ఖాళీగానే ఉంది.