పొట్టలో గింజ దాచుకునే చెట్లు

పక్కింటావిడ సిమ్లా నుంచి తెచ్చిన పైన్ కాయ ఒకటి నా చేతిలో పెట్టినప్పుడు, దాని జిగురు వాసన కంటే ముందు నాకు అనుమానం వచ్చింది. గోటితో పొలుసు తర్వాత పొలుసు విప్పి చూస్తే, ఒకదాని మీద పల్చటి రెక్క ఉన్న గింజ బోర్లా పడుకుని ఉంది. మీద తొక్క లేదు, చుట్టూ గుజ్జు లేదు, దాపరికమే లేదు. ఇన్నేళ్ళకు అసలైనదాన్ని చూశానన్నమాట.

మాది నల్లరేగడి ఊరు. వాన పడితే చెప్పులు పట్టుకుని వదలని మట్టి, శ్రావణం దాటితే పత్తిచేల నిండా పసుపు పువ్వులు, మాఘంలో కళ్ళాల మీది మిరపకాయల ఘాటుకు ఊరంతా తుమ్ములు, మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని ఉల్లిపాయ నంజుకుంటూ తినే గోంగూర అన్నం. పచ్చి పత్తికాయ పట్టుకుని లోపల నాలుగు తొనలా ఐదా అని పందెం వేసి చీల్చడం మా ఆట. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళ పుస్తకాల సంచి ఇంటిదాకా మొయ్యాలి. చీలిస్తే గానీ తెలియదు మరి. మా చుట్టూ ఉన్న మొక్కలన్నీ గింజను పొట్టలో దాచుకునేవే.

తొంభైల చివర, నేను తొమ్మిదిలో ఉండగా, సైన్సు మాస్టారు వివృతబీజాల పాఠానికని చీరాల వైపు నుంచి సరుగుడు కాయలు తెచ్చి బెంచీల మీదుగా పంపారు. వీటికి పువ్వుండదు, అండాశయం ఉండదు కాబట్టి కాయా ఉండదు, గింజ బయటే ఉంటుందన్నారు. ఒకటి ఇంటికి తెచ్చి నాయనమ్మకు పాఠం అప్పజెప్పాను. ఆమె పుట్టిల్లు సముద్రం పక్కనే.

"సరుగుడు పూయదని ఎవరన్నారే? ఎర్రగా కుచ్చుల్లాగా పూసిద్ది. మీ మాస్టారు కింద కాయలు ఏరుకున్నట్టున్నారు గానీ తలెత్తి చూసినట్టు లేదు," అంది.

నాకు ఒళ్ళు మండింది. అనుమానం ఆమెకు పుట్టుకతో వచ్చిన జబ్బు. విత్తనాల ప్యాకెట్ ఖాళీ అయితే మడిచి చూరులో దోపి, పంట ఇంటికొచ్చేదాకా ఎవర్నీ తియ్యనిచ్చేది కాదు, రేపు విత్తనం మోసమైతే అధికారులకు చూపించాల్సింది అదేనని. ఆ ఏడు మిరప విత్తనం మా మేనమామ కొట్టులోది. ఆమె ఆ ప్యాకెట్ చూరులో దోపబోతుంటే నాన్న లాక్కుని పొయ్యిలో వేశాడు.

"బావమరిది మీద కూడా అనుమానమేనా అమ్మా?" అన్నాడు.

మొక్కలు నడుమెత్తు పెరిగాయి, పచ్చగా, గుబురుగా. పూత మాత్రం లేదు. పక్క చేలు తెల్లగా పూసి పిందె దిగినా మాది అలాగే ఉంది. మామయ్య వచ్చి, ఇది ఆలస్యపు రకం బావా, పదిరోజులు ఆగు అని చెప్పి వెళ్ళాడు. తమ్ముడి మాట నిజం కావాలని అమ్మ రోజూ గట్టు మీద నిలబడి చూసేది. ఆమె ముఖం చూడలేక నేనే అన్నాను, పువ్వు లేకపోయినా గింజ కట్టే చెట్లున్నాయంట నాయనమ్మా అని.

"అయ్యి వేరే చెట్లు. మనయ్యి పూస్తేనే కాసేది," అంది ఆమె, ఒక కొమ్మను వేళ్ళతో దువ్వుతూ.

అధికారులు వచ్చి ప్యాకెట్ ఏదన్నారు. అది లేకుండా పరిహారం రాదని చెప్పి వెళ్ళిపోయారు. మర్నాడు నాన్న చేను దున్నించాడు. మామయ్య తెలిసే ఇచ్చాడని నాయనమ్మ, తెలియక ఇచ్చాడని అమ్మ. అలా అంటూనే అమ్మ చనిపోయేదాకా పుట్టింటి గడప తొక్కలేదు.

ఇంటర్లో చేరాక వృక్షశాస్త్రం పుస్తకం తిరగేస్తుంటే సరుగుడు పూలమొక్కల్లో కనిపించింది. అప్పటికి నాయనమ్మ లేదు. సరుగుడు సంగతి ఆమె చెప్పిందే నిజమైతే మామయ్య సంగతీ నిజమేనేమోనని నాకు పట్టుకుంది, ఇక వదల్లేదు.

మొన్న మామయ్య మంచం పట్టాడంటే చూడ్డానికి వెళ్ళాను. మిగతావాళ్ళు బయటికెళ్ళాక గొంతు తగ్గించి, "ఆ ఏడు నా రెండెకరాల్లో కూడా అదే విత్తనం వేశానమ్మాయ్. నాదీ పూయలా. మీ అమ్మకి చెబుదామని రెండుసార్లు మీ వాకిలి దాకా వచ్చి, సిగ్గేసి వెనక్కి పోయా," అన్నాడు.

ఈ మాట అమ్మ విని ఉంటే ఎంత బాగుండేది. నాకు ఏడుపు ఆగలేదు. ఆ చేలు ఇప్పుడు లేవు, సరిహద్దు రాళ్ళు పాతిన ప్లాట్లయ్యాయి. దున్నినవాళ్ళు తలో దిక్కూ పోయారు. మామయ్య చెయ్యి పట్టుకుని ఏడుస్తూనే, అప్పట్లో ఆయన పక్క చేను చేసినవాళ్ళెవరు, అడగడానికి వాళ్ళలో ఒక్కరైనా మిగిలారా అని ఆలోచిస్తున్నాను.