పది బారలు

బట్టలు ఆరేయడానికి కొన్న కొత్త నైలాన్ తాడు వాసనకి మా చేపల రేవు గిలకలదిండి గుర్తొచ్చింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. "లంగరుకి పది బారల తాడు కోసి ఉంచమ్మా," అని చెప్పి నాన్న ఐసు తేవడానికి వెళ్లాడు. నేను రెండు చేతులూ బారజాపి, పదిసార్లు జాగ్రత్తగా కొలిచి కోసేశాను. లెక్క తప్పలేదని మురిసిపోయాను.

మర్నాడు వేట నుంచి వచ్చిన నాన్న, "లంగరు అడుక్కి అందలేదమ్మా. పడవ కొట్టుకుపోయి వల చిరిగింది," అన్నాడు.

"పదే కొలిచాను నాన్నా."

ఆయన నన్ను తన ముందు నిలబెట్టి చేతులు చాపమని, వెనక తనూ చాపాడు. నా వేళ్లు ఆయన మణికట్టు దాకా కూడా రాలేదు.

"తప్పు నాదేలే. ఎవరి బారో చెప్పలేదు," అన్నాడు.

ఇప్పుడు నేను ఫిజిక్స్ టీచర్ని. ప్రమాణాల పాఠం మొదలుపెట్టే రోజు బోర్డు ముందు చేతులు చాపుతాను. అవి ఇప్పటికీ నాన్న బారంత లేవు.