నీలోసుకున్నాననే మాట

గర్భిణి చెప్పిన మాట అర్థంకాక ఆమె తుంటికి ఎక్స్‌రే తీశాను. తప్పు నాదే.

కలకత్తా పోస్టింగ్‌లో నా నాలుగో రోజు అది. తొంభైల్లో ఒక వానాకాలం. వాట్‌గంజ్ వీధుల్లో మోకాలి లోతు నీళ్లు. ఒక బడి వరండాలో మా సైనిక వైద్య శిబిరం. ఒక జనరేటరు, పెట్టెలో మోసుకొచ్చిన ఎక్స్‌రే మిషను. శిబిరంలో రేడియాలజిస్టు ఉండడు. టెక్నీషియన్‌ని కాబట్టి ఫిల్ము నేను తీస్తాను. సర్జన్‌గా ఉన్న కెప్టెన్ దాన్ని తడిగానే వెలుతురుకు పట్టి చూస్తాడు.

ఉదయం తొమ్మిదీ పదికి పైడమ్మ వచ్చింది. కార్పొరేషన్‌లో వీధులూడ్చే మనిషి, సముద్రం వైపు జిల్లాల నుంచి వలస వచ్చిన తెలుగు కుటుంబం. మెట్ల మీద జారిపడింది. పక్కన అత్త. మిషను కింద పడుకోబెట్టే ముందు ఆడవాళ్లను కడుపుతో ఉన్నారా అని అడగాలి. అది నియమం. వెనక మగవాళ్ల వరస. ఆ మాట సూటిగా అడగడానికి సిగ్గుపడ్డాను.

"ఇంకేమన్న చెప్పేది ఉన్నదా అక్కా?"

"నీలోసుకున్నాను బాబూ."

మాది కరీంనగర్ వైపు. నీళ్లు పోసుకోవడమంటే మా ఇంట్లో స్నానమే. "మంచిది, కదలకు" అని బటన్ నొక్కాను.

ఎముక విరగలేదు. అత్త ఊరుకోలేదు. "ఎముక సరే, లోపలోడు ఎలాగున్నాడు బాబూ?"

"లోపల ఎవరు?"

"మూడో నెల! నీలోసుకుందని సెప్పింది కదేటి? నీకు తెలుగు రాదేటి?"

నేను నోరు మూసుకుంటే కెప్టెన్‌కు తెలియదు, ఎక్స్‌రేతో కడుపులో బిడ్డకు ప్రమాదమని వాళ్లకూ తెలియదు. ఒక్క నిమిషం ఆ ఆలోచన కూడా వచ్చింది. తర్వాత కెప్టెన్ ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తిట్టి, వైర్‌లెస్ అందుకున్నాడు. "రేడియాలజిస్టు ఉన్నారు. పంపండి" అని మా సైనిక ఆసుపత్రి జవాబు.

పదకొండుకు మా పెద్దాసుపత్రిలో ఉన్నాం. రేడియాలజిస్టు మేజర్ ఫిల్ము చూసి లెక్క వేశాడు. "ఒక్క ఫిల్మే. బిడ్డకు హాని చేసేంత మోతాదు కాదు. కానీ పడింది కదా, స్కాన్ కావాలి." అక్కడ గర్భిణుల స్కాన్ ప్రసూతి వార్డులో లేడీ డాక్టరే చేస్తుంది. బెంగాలీ ఆవిడ, తెలుగు రాదు. నన్ను స్కాన్ మిషను తెర పక్కకు పిలిచింది.

"చూడు దాదా. గుండె. వాళ్లకు చెప్పు."

బియ్యపు గింజంత వెలుగు, టపటపా కొట్టుకుంటోంది. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే కనిపిస్తుంది.

"అక్కా, బాగున్నడు!" అరిచినట్టే అన్నాను. పైడమ్మ ఏడుస్తూ నవ్వింది. నేను క్షమించమన్నాను.

"మందు తరవాత, ముందు తెలుగు నేర్సుకో బాబూ" అంది అత్త. వార్డంతా నవ్వింది.

నేర్చుకున్నాను. ఆ ఆదివారమే వాళ్ల క్వార్టర్లకు వెళ్లి, ఆడవాళ్లను కూర్చోబెట్టి అడిగాను. కడుపుతో ఉన్నావా, నెల తప్పిందా, నీలోసుకున్నావా. అన్నీ అట్టమీద రాసి మిషను మూతకు అంటించాను. ఆ తర్వాత ప్రతి శిబిరంలోనూ గుడ్డ తెర కట్టించి, ప్రతి ఆడమనిషినీ దాని చాటున అడిగాను. మూడేళ్ల తర్వాత బదిలీ వచ్చినప్పుడు నా చోటికి ఒక పంజాబీ కుర్రాడు వచ్చాడు. ఆ మూడు ప్రశ్నలూ అతను సరిగ్గా పలికేదాకా అప్పగింత కాగితం మీద నేను సంతకం పెట్టలేదు.