మా ఊరి ఎండ చవకట

మా ఊరి ఎండ చవక అని అన్నది ఒక దొర. ఆ మాటను మా నాయనకు తెలుగులో చెప్పింది నేను. ఇన్నేళ్ళయినా నా నోటి మీద నాకు కోపం తగ్గలేదు.

గుడియాత్తంలో వేలూరు బస్సెక్కి, దారిలో దిగి మైలు నడిస్తే మా ఊరు. దేశం తలుపులు తెరిచిందని పేపర్లు సంబరపడుతున్న రోజులవి. నేను డిగ్రీ ముగించి ఉద్యోగం లేక ఇంట్లో ఉన్నాను. ఆ తలుపుల్లోంచి మాకు ఉద్యోగం రాలేదు గానీ, ఉద్యోగం విరమించిన దొర, ఆయన భార్య వచ్చారు. వాళ్ళ దేశంలో చలీ ఎక్కువే, ఖర్చూ ఎక్కువే. ఇక్కడైతే వచ్చే పింఛనుతో వంటమనిషిని పెట్టుకుని మహారాజులా బతకొచ్చు. మా చేను పక్క నేల లీజుకు తీసుకుని, ఇల్లు కట్టడానికి మేస్త్రీగా మా నాయనను పిలిచారు. వేలూరు ఎండకు మేము నీడ వెతుక్కుని చస్తుంటే, ఈయన దానికోసం సముద్రాలు దాటి వచ్చాడు.

ఇంటి వెనక ఉన్న ఆ పావెకరం చేనులో అమ్మ కనకాంబరాలు పెంచేది. తెల్లారేసరికి కోసి గుడియాత్తం మార్కెట్లో వేసి వచ్చేది. నా చదువంతా ఆ పూలే. వాటికి నీళ్ళు మా తాత తవ్వించిన బావి నుంచి.

నాయనకు ఇంకో విద్య కూడా ఉంది. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిస్తే, నీళ్ళున్న చోట కాయ నిట్టనిలువుగా లేచేది. దానికి ఎవరి దగ్గరా పైసా తీసుకోడు. ఆ సంగతి దొర చెవిన పడింది. బోరు ఎక్కడ వేయాలో చూపించమన్నాడు.

అమ్మ నాయనను వంటింట్లోకి పిలిచింది.

"మన బావి ఊట ఆ పక్కనించే గదయ్యా వచ్చేది. యాడన్నా దూరంగా చూపించు. ఆయనకేం తెలుస్తాది?"

"జల చూసే చెయ్యి అబద్ధం చెప్పకూడదు మే. మా నాయన నేర్పిచ్చిన మాట అదొక్కటే."

"అట్లయితే ఎండిపొమ్మని ఆ చెట్లకు గూడా నువ్వే చెప్పు."

నాయన చెప్పులు విడిచి దొర నేలంతా నడిచాడు. మా బావికి ముప్పై అడుగుల దూరంలో కాయ లేచింది. అక్కడే సున్నంతో గుండ్రంగా గీత గీశాడు. తన వేలితో తన కన్నే పొడుచుకోవడమంటే అదే. దొర నావైపు తిరిగి, ఇది నమ్మొచ్చా అని అడిగాడు. ఇంగ్లీషులో అబద్ధం చెప్పడానికి నాకు ఏ ఒట్టూ అడ్డం లేదు. కానీ నలుగురి ముందు ఇంగ్లీషు మాట్లాడుతున్న గర్వం. మా నాయన లెక్క ఎప్పుడూ తప్పలేదని చెప్పాను. సిగ్గులేనిదాన్ని.

బోరులో నీళ్ళు ఎగదన్నాయి. దొరసాని ఇంటి ముందు అందానికి పచ్చగడ్డి పెంచింది. మరుసటి ఎండాకాలానికి మా బావిలో అడుగు రాళ్ళు తేలాయి. రోజుకు ఒక గంట మా చేనుకు పైపు వదలమని నేనే వెళ్ళి అడిగాను. బోరు కూడా దిగిపోతోందని ఆయన చాలా మర్యాదగా చెప్పి, తాగడానికి ఎన్ని బిందెలైనా పట్టుకుపొమ్మన్నాడు. బిందెలతో కనకాంబరాలు బతుకుతాయా? ఆ మర్యాదను చూస్తే ఒళ్ళు మండిపోయింది. తిట్టి ఉన్నా ఇంత మండేది కాదు.

రెండేళ్ళకు దొరకు ఎండ ఎక్కువైంది. ఇంకో దేశం దొరికిందట, అక్కడ సముద్రం ఉందట, ఇక్కడికంటే చవకట. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు అన్నీ అమ్ముకుని బయల్దేరాడు. కారెక్కే ముందు నాయన చేయి పట్టుకుని, మీలాంటి మేస్త్రీ అక్కడ దొరకడని నవ్వుతూ అన్నాడు.

"ఏమంటా ఉండాడు పాపా?" అన్నాడు నాయన.

"మన బావి ఎండిపోయిందానికి క్షమించమంటా ఉండాడు నాయనా."

నాయన తల దించుకున్నాడు. "ఆయన తప్పేముండాది? చూపించినోన్ని నేను గదా."

అమ్మ అక్కడ లేదు. ఆ వేళకు పొన్నై అనే ఊరి దగ్గర వేరేవాళ్ళ తోటలో కూలికి పూలు కోస్తూ ఉంది.